తుత్తం కుండ

నా చేతులు నాకంటే ముందు నడుస్తాయని మా అత్త ఎప్పుడూ తిట్టేది. బుర్ర ఇంకా నిద్ర లేవకముందే చేతులు పనిలో దిగిపోతాయట. ఆ తిట్టు ఎంత నిజమో నాకు ఇరవై రెండేళ్ల వయసులో ఒక శనివారం నాడు తెలిసింది. ఆ రోజు నేను పంతొమ్మిది మంది పిల్లల ప్రాణాల మీదికి తెచ్చాను. ఇంత తీరిగ్గా కూర్చుని చెప్తున్నానంటే వాళ్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు కాబట్టే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, మీరు గుండె చిక్కబట్టుకుని వినే పని లేకుండా. పిల్లలకేమీ కాలేదు సరే, ఒక ఆడమనిషి ప్రాణం మాత్రం ఆ పూట నేను నోరు తెరుస్తానా లేదా అన్నదాని మీద ఆగి ఉండింది.

కోడుమూరులో మాది నేత వీధి. మామూలు రోజుల్లో తెల్లారేసరికి వీధి పొడుగునా పడుగులు సాగదీసి ఉండేవి. ఇంటింటా మగ్గం చప్పుడే. యుద్ధం వచ్చి నూలు కంట్రోలు పెట్టాక ఆ చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగిపోతూ వచ్చింది. అది చాలదన్నట్టు వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. మా ఇంటాయన ఖాళీ మగ్గం ముందు, గుంటలో కాళ్లు వేలాడేసుకుని ఊరికే కూర్చునేవాడు. ఏం చేస్తున్నావయ్యా అని అడిగితే, "కాళ్లు చల్లగుండాయి" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. మండి మాత్రం ఏం లాభం? నూలు లేని నేతగాడు ఇంకేం చేస్తాడు?

అలాంటి రోజుల్లో అయ్యవారు మా వీధికి వచ్చాడు. బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి మానుకున్న ముసలాయన. ఊళ్లో సగం మంది ఆయన చేతి బెత్తం తిన్నవాళ్లే కాబట్టి ఆయన మాట తీసేయడానికి జంకేవాళ్లు. ఆయన మా అరుగు మీద కూర్చుని, పత్తికొండ అవతల ఒక పల్లె సంగతి చెప్పాడు. ఆ పల్లెలో మీదివీధి, కిందివీధి అని రెండు పార్టీలు. ఇద్దరికీ నీళ్లిచ్చే బావి ఒక్కటే. కరువులో ఎవరో రాత్రికి రాత్రి ఆ బావి కాలువ కట్ట తెగ్గొట్టారు. నేను కాదంటే నేను కాదన్నారు. మాటా మాటా పెరిగి అటొకడు, ఇటొకడు కత్తులకు బలయ్యారు. మిగిలిన మగవాళ్లు కొందరు జైల్లో, కొందరు కొండల్లో. చేలన్నీ బీళ్లు. పిల్లలు తుమ్మజిగురు గీక్కుని తింటున్నారు.

"వానలొచ్చేదాకా ఆ పిల్లోళ్లను యాడన్నా కాపాడల్ల. రెండు వీధులోళ్లనూ కలిపే పెట్టల్ల. ఒకరిని తెచ్చి ఒకరిని వదిలితే అదో కొత్త పగ. నేతోళ్లు ఎవరి పార్టీ కారు. అందుకే మీ తట్టు వచ్చినా. మీ మగ్గాల కొట్టం ఖాళీగా ఉండాది గదా" అన్నాడు.

మా అత్త లేచి నిలబడింది. "మా నోట్లోకే లేకపోతే ఊరోళ్ల పిల్లోళ్లా? నీకేమన్నా మతి ఉండాదా అయ్యవారూ? ఆ నరుక్కునే నాయాండ్ల గొడవ మా గడపలోకి తెస్తావా?" అని మొదలుపెట్టి, ఆయన ముత్తాత దాకా వెళ్లి తిట్టింది. అయ్యవారు తల వంచుకుని విన్నాడు. తిట్టడం అయ్యాక మా అత్త చీపురు తీసుకుని తనే వెళ్లి కొట్టం ఊడ్చింది. ఆమె పద్ధతే అది.

పిల్లలు రెండు బండ్లలో వచ్చారు. ఒకే బండిలో ఎక్కమంటే ఎక్కలేదట. కొట్టంలో కూడా మొదటి వారం మగ్గం గుంటలకు అటు మీదివీధి, ఇటు కిందివీధి. నాలుగేళ్ల బుడ్డోడు సైతం అవతలి వాళ్ల తట్టు చూసి ఉమ్మేవాడు. రెండో నెల దాటేసరికి అందరూ ఒకే గుంటలో దిగి దాగుడుమూతలు ఆడుతున్నారు.

వాళ్లతోపాటు వంటకని కిందివీధి నుంచి ఒకామె వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దదేమో, అక్కా అని పిలిచేదాన్ని. కిందివీధిలో చచ్చిపోయినవాడు ఆమె మొగుడే. మీదివీధిలో చచ్చిపోయినవాడి తండ్రి ఒక ముసలాయన. ఆయన మనవరాలు, ఆరేళ్ల పిల్ల, మా కొట్టంలోనే ఉండేది. శత్రువు పెండ్లాం వండింది మా పిల్ల తినాలా అని ఆయన బండికి అడ్డం పడుకున్నాడట. చివరికి అయ్యవారు ఒక ఒప్పందం కుదిర్చాడు. వంట కిందివీధి, తనిఖీ మీదివీధి. ముసలాయన ఎప్పుడైనా రావచ్చు, వచ్చినప్పుడు వంటామె ఆయన ఎదురుగా ముందు ఒక ముంత తాగి చూపించాలి.

ఆయన ఎప్పుడొచ్చేదీ చెప్పడు. తలపాగా, చేతికర్ర, మోకాళ్ల దాకా దుమ్ముతో ఉన్నట్టుండి కొట్టం వాకిట్లో నిలబడేవాడు. నడుం గుడ్డలో కత్తి ఉంటుందని వీధికంతా తెలుసు. "ముందు నువ్వు తాగు" అనేవాడు. అక్క ముంత ఎత్తి తాగేది. ఆయన ఆమె గొంతు వంకే చూసేవాడు. నాకు ఆ ముసలాయన్ని చూస్తేనే అరికాలి మంట నెత్తికెక్కేది.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. అయ్యవారు ఊరూరా జోలె పట్టి సజ్జలో జొన్నలో తెచ్చేవాడు. వీధిలో ఏ ఇంట్లో గంజి మిగిలినా, అంబలి మిగిలినా పిల్లల కుండలో పడాల్సిందే. ఇంటింటికీ తిరిగి అది మోసుకొచ్చే పని నాది. మా ఇంట్లో ఉన్న కుండలన్నీ కొట్టానికే పోయాయి. మగ్గం పనికి వాడే గంజి కుండ ఒకటి వేరుగా, సున్నంతో చార గీసి, చూరు కింద ఉండేది. అది ఎప్పుడో పగిలిపోతే, పని లేని మగ్గానికి కుండెందుకని మళ్లీ తేలేదు.

నేత ఇళ్ల సంగతి తెలియనివాళ్లకు ఇక్కడొక మాట చెప్పాలి. పడుగు నూలుకు బలం రావడానికి గంజి పట్టిస్తాం. ఆ గంజిలో మైలుతుత్తం దంచి కలుపుతాం, నూలుకు బూజు, పురుగు పట్టకుండా. చూడ్డానికి అందంగా, నీలం రాయిలా ఉంటుంది. విషం. అందుకే తుత్తం కుండకు చార గీసి పెట్టేది. మిగిలిన గంజి పెరట్లో గుంట తీసి పూడ్చేది. కాపురానికి వచ్చిన మొదటి రోజే మా అత్త నాకు నేర్పిన పాఠం అది.

ఒక శుక్రవారం మా ఇంటికి నూలు వచ్చింది. మా ఇంటాయన ఆ నూలుకండెలు ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డను చూసినట్టు చూసుకున్నాడు. శనివారం తెల్లవారుజామునే వీధిలో పడుగు సాగదీశాం. జొన్నపిండితో గంజి కాచింది నేనే, పిల్లల కుండల్లో ఒకటి తెచ్చి. ఇన్నాళ్లకు వచ్చిన నూలు, ఏ పురుగూ ముట్టకూడదని తుత్తం చిటికెడు ఎక్కువే వేయించాడాయన. ఎండ రాకముందే కుంచెలతో గంజి పట్టించేశాం. వీధంతా వచ్చి చూసింది. పెళ్లి సందడే అనుకోండి.

పని అయ్యాక కుండలో సగం గంజి మిగిలింది. నేను దాన్ని చంకన పెట్టుకుని నేరుగా కొట్టానికి నడిచాను. ఎనిమిది నెలలుగా చేస్తున్న పని. మిగిలిన గంజి అంటే పిల్లల గంజే. అక్క బావికి వెళ్లింది. పొయ్యి మీద సజ్జ గంజి నీళ్ల మాదిరి పలచగా ఉంది. నా కుండలోది అందులో ఒంపి తెడ్డుతో కలిపాను. చిక్కబడింది. ఈ పూట పిల్లల కడుపు నిండుతుందని సంతోషపడ్డాను కూడా. కుండ అడుగున కొంచెం మిగిలితే, మళ్లీ వచ్చి కడుగుదామని గోడవారగా పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. నా కర్మ కాకపోతే ఏమిటి చెప్పండి!

బారెడు పొద్దెక్కాక పిల్లలు ముంతలతో కూర్చున్నారు. నేనూ వడ్డనకు వెళ్లాను. అదే సమయానికి ముసలాయన వాకిట్లో దిగాడు.

"ముందు నువ్వు తాగు" అన్నాడు అక్కతో.

"ఈ పొద్దు శనివారం. నాకు ఒక్కపొద్దు. దీపం పెట్టినాకే తినేది" అంది అక్క.

ఆయన ముఖం చిట్లించాడు. దేవుడి పేర ఉన్న ఉపవాసం చెడగొట్టడానికి ఆయనకూ నోరు రాలేదు. ఆ లోపల పిల్లలు ఆకలికి ఆగుతారా? తాగేస్తున్నారు. ఆయన మనవరాలంటే నాకు ప్రాణం, దానికి రెండు గరిటెలు ఎక్కువ పోశాను. అది ఒక గుక్క తాగి నా వైపు చూసింది.

"అక్కా, రాగి దుడ్డు నోట్లో పెట్టుకున్నట్టుండాది."

"నకరాలు చాలించి తాగు" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఈ రోజుకీ నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మొదట ఒక బుడ్డోడు కక్కాడు. వాడిని పట్టుకునే లోపల ఇంకొకడు. ఆ తర్వాత కొట్టమంతా అదే. నేల మీద పడింది పచ్చగా, నీలిగా ఉంది. చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైపోయింది.

పిల్లల ఏడుపు విని మా అత్త పరిగెత్తుకొచ్చింది. నేల వంక చూసింది, గోడవారగా ఉన్న కుండ వంక చూసింది, నా ముఖం చూసింది. అంతే, వీధిలోకి వెళ్లి గొంతు చించుకుంది. "ఎవురింట్లో పాలుంటే పాలు, మజ్జిగుంటే మజ్జిగ తెండమ్మా! బిరీన!" ఆ కరువులో పాలు ఎక్కడివి? అయినా వచ్చాయి. బాలింతకని దాచిన పాలు వచ్చాయి. వెనక సందులోని సాయిబుల ఇంటి నుంచి మేకపాలు వచ్చాయి. ఒక్కో ఆడమనిషి ఒక్కో పిల్లను ఒళ్లో వేసుకుని తాగించింది, కక్కించింది, మళ్లీ తాగించింది.

ముసలాయన కర్ర పారేశాడు. కత్తి బయటికి వచ్చింది.

"తెలిసే తాగలేదు నువ్వు! ఒక్కపొద్దంట ఒక్కపొద్దు! మొగుని పగ పిల్లోళ్ల మీద తీర్చుకుంటాండావా?" అని అక్క మీదికి వచ్చాడు. "నిన్ను ఈన్నే ఏసేసి, ఊరికి పోయి మీ వీధికి అగ్గి పెడ్తా."

అక్క ఆయన వైపు తలెత్తలేదు. ఆయన మనవరాలి తల ఆమె ఒళ్లో ఉంది. ఆ పిల్ల నోటికి మజ్జిగ పడుతూ ఉంది. కత్తి మెడ దగ్గరికి వచ్చినా ముంత పట్టుకున్న చెయ్యి వణకలేదు. "ముందు ఈ పిల్ల తాగనీ. ఆమైన నీ ఇష్టం" అంది.

మా అత్త నా మోచెయ్యి గిల్లి చెవిలో అంది. "నోరు తెరిచినావంటే చూడు. పార్టీ లేని ఇల్లని నమ్మి పంపినారు. మనమే పెట్టినామని తెలిస్తే పిల్లోళ్లందర్నీ మళ్లీ ఆ తుమ్మజిగురుకే తోలుకపోతారు. మన ఇంటికీ అగ్గి పెడ్తారు."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. నాకు భయం వేయలేదంటే అదే అబద్ధం. మింగలేను, కక్కలేను. కానీ అక్క మెడ దగ్గర ఆ కత్తి చూస్తూ ఎట్లా ఊరుకునేది? నా చేతులు నాకంటే ముందు నడుస్తాయి సరే, ఆ రోజు నోరు కూడా నడిచింది.

"నేను పోసినా! ఆయమ్మకు తెల్దు. ఆయమ్మ అప్పుడు బావి కాడ ఉన్నింది. పడుగు గంజి తెచ్చి దాంట్లో పోసినా. మతిమరుపుతో పోసినా. అది తుత్తం గంజి!"

ముసలాయన నా వైపు తిరిగి చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఆయమ్మ మీద జాలితో చెప్తాండావు. నన్ను పిచ్చోన్ని చేయాలని చూస్తాండావా?"

అప్పుడొచ్చింది నాకు కోపం! తప్పు ఒప్పుకోవడమే గగనమైతే, ఒప్పుకున్నా నమ్మకపోతే ఇంకేం చేయాలి? గోడవారనున్న కుండ ఎత్తుకొచ్చి ఆయన కాళ్ల ముందు దభీమని పెట్టాను.

"నమ్మకపోతే ఆ కత్తి దీంట్లో పెట్టు పెద్దాయనా! తుత్తం తగిలిన ఇనుము ఎర్రగైతాది. నేతోళ్ల ఇంట్లో ఏ పిల్లనన్నా అడుగు. పెట్టు! మెడ మీద పెట్టేది తెలుస్తాది గానీ కుండలో పెట్టేది తెల్దా?"

ఆయన నా ముఖం, కుండా మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత వంగి, కత్తి కొన కుండ అడుగున ఉన్న గంజిలో ముంచాడు. చాలాసేపు అట్లాగే ఉంచాడు. తీసి తలపాగా కొంగుతో తుడిచాడు. కత్తి కొన నాలుగు వేళ్ల మేర కొత్త రాగి చెంబులా ఎర్రగా మెరుస్తోంది. వేలితో రుద్దాడు. పోలేదు. గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

అయ్యవారు ఆస్పత్రి కాంపౌండరును వెంటబెట్టుకొచ్చాడు. ఆయన పిల్లలందరి నాలుకలూ, కళ్లూ చూసి, "కక్కుడే కాపాడింది. తుత్తం కడుపులో నిలవలేదు. మజ్జిగ పోయడం మంచి పని చేసినారు" అన్నాడు. మధ్యాహ్నానికి పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. నేను ఒక్కొక్కరి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ తిరిగాను. పొద్దు వాలుతుండగా ముసలాయన మనవరాలు లేచి కూర్చుని, "అక్కా, ఆకలైతాండాది" అంది. అబ్బా, ఆ మాట! కొట్టంలో ఉన్న ఆడవాళ్లందరం ఒక్కసారి నవ్వుతూ ఏడ్చాం. మా అత్త అయితే మగ్గం గుంటలో కూర్చుని దేవుణ్ణి తిట్టింది, అంత ఆనందమన్నమాట.

ముసలాయన మనవరాలి తల నిమిరి, కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. అక్క లేచి నా దగ్గరికి వచ్చింది. వచ్చి చెంప పగిలేలా ఒక్కటిచ్చింది. ఆ వెంటనే నా భుజం మీద తల పెట్టి వణికిపోయింది. కత్తి దగ్గర రాని వణుకు అప్పుడు వచ్చింది. దీపం పెట్టాక, "సంగటి నువ్వే కలిపి పెట్టు. పొద్దున్నుంచి ఒక్కపొద్దుండా" అంది. నేను కలిపి పెట్టాను. ఆమె అనుమానించకుండా తింది.

వారం రోజులు నాకు కంటి మీద కునుకు లేదు. ముసలాయన ఊరికి పోయి ఏం చెప్పి ఉంటాడు? బండ్లు వస్తాయా, పిల్లల్ని తోలుకుపోతారా? బండి చప్పుడు వినిపిస్తే చాలు, వాకిట్లోకి పరిగెత్తేదాన్ని. మా అత్త నాతో మాటలు మానేసింది. ఆమె తిట్టకపోవడం కంటే పెద్ద శిక్ష నాకు ఇంకోటి లేదు.

సరిగ్గా మళ్లీ శనివారం ఆయన వచ్చాడు. బండి లేదు. నెత్తిన తలపాగా మీద ఒక కొత్త కుండ. దించి నా ముందు పెట్టాడు. కుండ మెడ చుట్టూ సున్నంతో బొటనవేలంత లావు చార గీసి ఉంది, వంకరటింకరగా. ఆయన చేత్తోనే గీసినట్టుంది.

"ఇది నీ తుత్తానికి. ఇది పట్టుకోని పిల్లోళ్ల తట్టు వచ్చినావని తెలిసిందా, కాలిరగ్గొడ్తా" అన్నాడు.

మా అత్త వారం తర్వాత నోరు విప్పింది. "ఇరగ్గొట్టప్పా, నీకు పున్నెముంటాది" అంది. పిల్లలు కిలకిలమన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆయన నవ్వలేదు. మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. నాతో అన్నాడు గానీ, పొయ్యి దగ్గరున్న అక్కకు వినబడేలా అన్నాడు.

"ఆ పొద్దు మా ఊర్లో కట్ట తెగ్గొట్టినోడు ఎవడో ఒక్కడు నీ మాదిరి నోరు తెరిచింటే, మా కొడుకు బతికిండేవాడు. ఈయమ్మ మొగుడూ బతికిండేవాడు."

పొయ్యి దగ్గర తెడ్డు ఆగిపోయింది. కాసేపటికి అక్క ముంతలో గంజి పోసి తెచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఈ పొద్దూ శనివారమే. నేను ముందు తాగేకి కాదు" అంది.

"నిన్ను తాగమంటినా?" అంటూ ఆయన ముంత అందుకుని ఎత్తి తాగాడు. సగం తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు తక్కువైనాది" అన్నాడు.

అక్క ఉప్పు తేవడానికి లోపలికి వెళ్లింది.